ఆస్థాన కవి (ఆంధ్రప్రదేశ్)

ఆస్థాన కవి అనగా ప్రభుత్వం అధికారికంగా నియమించి గౌరవించే కవి. తెలుగునాట ఈ ప్రభుత్వ పదవి 1949లో మద్రాసు ప్రభుత్వ కాలంలో మొదలై, ఆంధ్రప్రదేశ్‌లో 1983 వరకు కొనసాగింది. దీని ఆరంభానికీ అంతానికీ కృష్ణా డెల్టాలోని ఒక గురుశిష్య పరంపరతో సంబంధం ఉండడం విశేషం.

పూర్వరంగం

ఆస్థానం అనగా రాజు కొలువుతీరే సభ. శ్రీకృష్ణదేవరాయల కొలువులో అల్లసాని పెద్దన వంటి కవులు ఉండేవారు. కావ్యం అంకితం పొందిన రాజుకు కీర్తి, కవికి జీవనాధారం లభించేవి. రాజ్యాలు, జమీందారీలు అంతరించిన తరువాత ఆ పోషణ బాధ్యతలో కొంత ప్రభుత్వం స్వీకరించింది. బ్రిటన్‌లో ఇటువంటి పదవి 1668లో జాన్ డ్రైడెన్‌తో అధికారికంగా ఆరంభమైంది. అక్కడ జీవితకాలం ఉండే ఈ పదవిని 1999 నుండి పదేళ్లకు పరిమితం చేశారు.

ఆస్థాన కవులు

తిరుపతి వేంకట కవులలో ఒకడైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి తొలి ఆస్థాన కవి. మచిలీపట్నం ఉన్నత పాఠశాలలో ఆయన తెలుగు పండితుడుగా పనిచేశాడు. పదవి లభించిన మరుసటి ఏడు, 1950లో మరణించాడు. తరువాత రాజమండ్రికి చెందిన శ్రీపాద కృష్ణమూర్తిశాస్త్రి, గుంటూరుకు చెందిన కాశీ కృష్ణాచార్యులు ఆస్థాన కవులయ్యారు. మచిలీపట్నంలో చెళ్ళపిళ్ళ శిష్యుడు, విజయవాడ ఎస్.ఆర్.ఆర్. కళాశాల అధ్యాపకుడు అయిన విశ్వనాథ సత్యనారాయణ కూడా ఈ గౌరవం పొందాడు. ఆయన 1976లో మరణించాడు. 1977 ఆగష్టు 15న దాశరథి కృష్ణమాచార్య నియమితుడయ్యాడు.

రద్దు

1983లో ముఖ్యమంత్రి అయిన నందమూరి తారక రామారావు ప్రభుత్వం ఈ పదవిని రద్దు చేసింది. రామారావు విజయవాడ కళాశాలలో విశ్వనాథ శిష్యుడే. దానితో దాశరథి చివరి ఆస్థాన కవిగా మిగిలిపోయాడు. ఆయన 1987లో మరణించాడు.

ప్రయోజనం, పరిమితి

వృద్ధాప్యంలో పండితునికి ఆదరణ, భాషకు అధికారిక గుర్తింపు ఈ పదవి వలన కలిగే మేలు. అయితే ప్రభుత్వమే పోషకుడైనపుడు కవి దానిని స్వేచ్ఛగా విమర్శించగలడా అనే ప్రశ్న తప్పదు. దాశరథి నిజాం పాలనను ధిక్కరించి కారాగారవాసం అనుభవించిన కవి. అటువంటి వానికి ఆస్థాన పదవి లభించడం ప్రజాస్వామ్యంలో ఆ మాటకు అర్థం మారినదని తెలుపుతుంది. కాగా, ప్రభుత్వం మారగానే పదవి పోవడం, అది రాజాదరణ వలెనే పాలకుల ఇష్టంపై ఆధారపడినదని చూపుతుంది.