టర్కీ పెట్ట పిల్లలను తల్లికే విడువవలెను

మన సంఘ సభ్యులలో కొందరు పాడి పశువులతో బాటు పెరటిలో టర్కీ కోళ్లను కూడా పెంచుచున్నారు. గేదె వట్టిపోయిన నెలలలో ఇవి ఇంటి ఖర్చుకు అక్కరకు వచ్చును. కాని పిల్లలు నిలబడుట లేదని మేము గ్రామాలకు వెళ్లినప్పుడు పలువురు చెప్పుచున్నారు.

పొదుగుకు కూర్చున్న టర్కీ పెట్టను లేపివేసి, దాని గుడ్లను నాటుకోడి క్రింద పెట్టుట పలుచోట్ల ఉన్నది. కూర్చున్న పెట్ట గుడ్లు పెట్టుట మానును, నిజమే. అయితే నాటుకోడి వలన వేరొక ప్రమాదమున్నది. బ్లాక్‌హెడ్ అను జబ్బు నాటుకోళ్లలో పైకి కనబడకుండానే ఉండవచ్చును. వాటి రెట్టలోని పురుగుల గుడ్ల ద్వారా అది టర్కీలకు సోకి కాలేయమును పాడుచేయును. పసుపుపచ్చని విరేచనములైన టర్కీలు తరచు చనిపోవును. కనుక రెండు జాతులను ఒకే నేలపై తిరగనీయరాదు. టర్కీ గుడ్లను టర్కీయే పొదుగుట మేలు.

పొదిగించుట: ఒక పెట్ట క్రింద 10 నుండి 15 గుడ్లు పెట్టవచ్చును. గుడ్లు శుభ్రముగా, పగుళ్లు లేనివై, వారము రోజులకు మించి నిలువ లేనివై ఉండవలెను. రెండు మూడు పెట్టలున్న ఇంట అన్నిటి గుడ్లను చేర్చి కూర్చున్న పెట్టకు ఇచ్చిన సరిపోవును. టర్కీ గుడ్డు 28 రోజులకు, కోడిగుడ్డు 21 రోజులకు పిల్ల అగును. కావున రెండింటిని కలిపి పెట్టరాదు. ముందు పుట్టిన కోడిపిల్లల వెంట పెట్ట లేచిపోయిన, మిగిలిన గుడ్లు చల్లబడి చెడును. గూటికి దగ్గరలోనే మేత, నీరు ఉంచవలెను.

పిల్లల పోషణ: మొదటి రోజులలో ఎక్కువ పిల్లలు చనిపోవుట ఆకలి వలననే. మేత ఎదుట ఉన్నను టర్కీ పిల్ల దానిని త్వరగా గుర్తించలేదు. తల్లి ముక్కుతో పొడిచి, పిలిచి చూపును. మనము చేయవలసినది తల్లికి సాయపడుట మాత్రమే. పది పిల్లలకు రోజుకొక ఉడికిన గుడ్డును నలిపి, సన్నగా తరిగిన ఆకుకూరతో కలిపి పెట్టవలెను. లీటరు నీటికి 100 మి.లీ. పాలు కలిపి, గులకరాళ్లు వేసిన లోతు లేని పళ్లెములో పోయవలెను. ఏ పూటకాపూట కడిగి మార్చవలెను. 15 రోజులు ఇట్లు చేయవలెను. అంతవరకు తల్లిని పెద్ద గంప క్రింద ఉంచిన, అది పిల్లలను దూరము త్రిప్పదు. మంచులో, వానలో పిల్లలు తడియరాదు. రాత్రి పిల్లి, ముంగిస చొరని చోట మూయవలెను. టీకాల సంగతి పశువైద్యశాలలో తెలుసుకొనవలెను.

రోజుకు 100 మి.లీ. చొప్పున 15 రోజులకు లీటరున్నర పాలగును. కేంద్రమునకు పోసే పాలలో ఆ మాత్రము తగ్గినను, పది పిల్లలు దక్కిన సభ్యునికి నష్టము లేదు.