నల్లరేగడిలో సెప్టిక్ ట్యాంకు: అలబామా చెప్పే సంగతి

అమెరికాలో ఫ్లష్ చేశాక నీళ్లు ఎటు పోతాయో మనలో చాలామంది ఆలోచించరు. సిటీ సీవర్ ఉంటే పైపు తీసుకుపోతుంది, బిల్లు వస్తుంది, అంతే. కానీ ఈ దేశంలో ఐదింట ఒక వంతు ఇళ్లకు సిటీ సీవర్ లేదు. అవి సెప్టిక్ మీదో, అలాంటి చిన్న ఏర్పాట్ల మీదో ఆధారపడ్డాయి. ఊరికి దూరంగా పెద్ద స్థలంలో ఇల్లు కొంటున్న మనవాళ్లకు కూడా ఇప్పుడు ఈ సంగతి అవసరమవుతోంది.

సెప్టిక్ పద్ధతిలో ట్యాంకు చేసేది సగం పనే. మడ్డి అడుగుకు దిగుతుంది, నూనె, జిడ్డు పైకి తేలుతాయి. మధ్యలోని నీరు చిల్లుల పైపుల గుండా పెరట్లోని డ్రెయిన్ ఫీల్డ్‌లోకి వెళ్లి, మెల్లగా మట్టిలోకి ఇంకుతుంది. ఆ నీటిని శుభ్రం చేసేది మట్టీ, అందులోని సూక్ష్మజీవులే. కాబట్టి మట్టి నీటిని పీల్చుకోకపోతే ఎంత మంచి ట్యాంకు పెట్టినా లాభం లేదు.

అలబామాలోని లౌండెస్ కౌంటీ కష్టం ఇదే. 1965లో సెల్మా నుంచి మాంట్‌గోమరీకి సాగిన ఓటుహక్కు యాత్ర ఈ కౌంటీ మీదుగానే వెళ్లింది. ఆ ప్రాంతాన్ని బ్లాక్ బెల్ట్ అంటారు. గుంటూరు, ప్రకాశం వైపు వాళ్లకు ఆ నేల గురించి నేను వేరే చెప్పక్కర్లేదు. మన నల్లరేగడి లాంటిదే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. పత్తికి మంచిదే కానీ సెప్టిక్‌కు పనికిరాదు. వానాకాలంలో మురుగు పెరట్లో పైకి తేలుతుంది, ఒక్కోసారి ఇంట్లోకే ఎదురుతన్నుతుంది. అక్కడ ఇసుక పోసి దిబ్బలా ఎత్తు చేసి కట్టే మౌండ్ సిస్టమ్ కావాలి. దానికి వేల డాలర్లవుతుంది. పేద కుటుంబాలు అంత పెట్టలేక, ఇంటి వెనక ఒక పైపు వేసి మురుగును ఆరుబయటికి వదిలేస్తున్నాయి. అలాంటివాళ్ల మీద కేసులు పెట్టిన రోజులూ ఉన్నాయి.

ఆ కౌంటీలోనే పెరిగిన క్యాథరిన్ కోల్‌మన్ ఫ్లవర్స్ ఏళ్లతరబడి దీన్ని బయటపెట్టారు. 2020లో ఆమెకు మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. 2023 మేలో కేంద్ర న్యాయశాఖ, అలబామా ఆరోగ్యశాఖల మధ్య ఒప్పందం కుదిరింది. కేసులు ఆపాలి, ఇళ్ల అవసరాలు లెక్కగట్టాలి అన్నది అందులో ముఖ్యం. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ ప్రభుత్వం ఆ ఒప్పందాన్ని రద్దు చేసింది. ఒప్పందం పోయినా నేల మారలేదు, మురుగూ ఆగలేదు. నా దృష్టిలో ఇది ఆ ఇంటివాళ్ల నిర్లక్ష్యం కాదు. రోడ్డు, కరెంటు లాగే మురుగు కూడా ప్రభుత్వం చూడాల్సిన పని.

సెప్టిక్ ఉన్న ఇల్లు కొనేవారు సంతకానికి ముందే నాలుగు సంగతులు కనుక్కోండి. కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్‌లో పర్మిట్ ఉందా? ట్యాంకు చివరిసారి ఎప్పుడు పంప్ చేయించారు? డ్రెయిన్ ఫీల్డ్ ఎక్కడుంది? అది ఎన్ని బెడ్‌రూమ్‌లకు సరిపోతుంది? ఖాళీ స్థలమైతే, నీరు ఎంత వేగంగా ఇంకుతుందో చూసే పెర్క్ టెస్ట్ అయ్యాకే డబ్బు కట్టండి. కొన్నాక మూడేళ్లకోసారి తనిఖీ, మూడు నుంచి ఐదేళ్లకోసారి పంపింగ్ చేయించాలి. వాడిన నూనె, వైప్స్ అందులో వేయకండి. డ్రెయిన్ ఫీల్డ్ మీద కారు పార్క్ చేయకండి.