'తులసి దళం': 40 ఏళ్లు దాటినా ఆ భయం ఎందుకు పోలేదు? భద్రాచలం ఏజెన్సీలో ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యం?

తెలుగులో హారర్ నవల అనగానే చాలామంది నోట ముందు వచ్చే పేరు 'తులసి దళం'. యండమూరి వీరేంద్రనాథ్ రాసిన ఈ నవల 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. అప్పటి పాఠకుల్ని కదిలిస్తే ఇప్పటికీ దాదాపు ఒకే మాట చెబుతారు. రాత్రిపూట చదవలేకపోయాం, అలాగని పక్కన పెట్టనూ లేకపోయాం అని. అయితే ఈ నవల గురించి ఖమ్మం, భద్రాచలం అడవి సరిహద్దు నుంచి చూస్తే ఇంకో కోణం కనిపిస్తుంది. అదేంటో చూద్దాం.

అసలు కథేంటి?

హైదరాబాద్‌లో ఉండే శ్రీధర్, శారద దంపతుల కూతురు తులసి. చిన్నపిల్ల. ఆస్తి కోసం ఆమె మీద చేతబడి చేయిస్తారు. ఒరిస్సా అడవుల నుంచి వచ్చిన కాద్రా అనే మాంత్రికుడు ఆ పని చేస్తాడు. అక్కడి నుంచి పాప ఆరోగ్యం రోజురోజుకీ క్షీణిస్తుంది. ఓ పక్క డాక్టర్లు, హిప్నాటిస్టు ఆమెను బతికించాలని చూస్తారు. ఇంకో పక్క మంత్రాన్ని మంత్రంతోనే తిప్పికొట్టే ప్రయత్నం జరుగుతుంది.

పాపను కాపాడింది సైన్సా, మంత్రమా? ఏది నమ్మాలన్నది రచయిత పాఠకుడికే వదిలేశారు. వాదన అంతా మొదలైంది ఇక్కడే.

పాఠకులు ఏమన్నారు?

అభిమానులది ఒక మాట. కథ నడిపిన తీరు అద్భుతం, వారం వారం పత్రిక కోసం ఎదురుచూసేలా చేశారు అని. అద్దె లైబ్రరీల్లో ఈ పుస్తకం చేతులు మారుతూనే ఉండేది. 'కాష్మోరా' అనే మాట ఇంటింటికీ తెలిసింది. దీనికి కొనసాగింపుగా 'తులసి' వచ్చింది. 1986లో 'కాష్మోరా' పేరుతో సినిమా కూడా తీశారు.

విమర్శకులది ఇంకో మాట. సైన్స్‌నీ చేతబడినీ ఒకే తక్కెడలో పెడితే చివరికి బలపడేది మూఢనమ్మకమే అన్నారు. రచయిత్రి రంగనాయకమ్మ అయితే 'తులసి దళం కాదు, గంజాయి దమ్ము' అనే పేరుతో ఏకంగా పుస్తకమే రాశారు. నవలకు ముందుమాట రాసిన కొమ్మూరి వేణుగోపాలరావుకూ ఆమెకూ మధ్య గొడవ కోర్టు దాకా వెళ్లింది. కొమ్మూరి స్వయంగా డాక్టర్, పేరున్న నవలా రచయిత. ఒక డాక్టర్ ఇలాంటి నవలకు ముందుమాట రాయొచ్చా అన్నది అప్పట్లో పెద్ద చర్చ. ఈ తరహా నవలలకు 'క్షుద్ర సాహిత్యం' అన్న ముద్ర పడింది కూడా ఆ రోజుల్లోనే.

యండమూరి వృత్తిరీత్యా చార్టర్డ్ అకౌంటెంట్. తర్వాతి కాలంలో 'విజయానికి ఐదు మెట్లు' లాంటి వ్యక్తిత్వ వికాస పుస్తకాలతో కొత్త పాఠకుల్ని సంపాదించారు. అయినా ఆయన పేరు చెప్పగానే కాద్రా గుర్తొచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

డ్రాక్యులాతో పోలిక ఎక్కడ?

విలియం పీటర్ బ్లాటీ 1971లో రాసిన 'ది ఎక్సార్సిస్ట్'తో ఈ నవలను చాలామంది పోలుస్తారు. రెండింట్లోనూ ప్రమాదంలో పడేది ఒక ఆడపిల్లే. కానీ ఇంకా వెనక్కి వెళ్తే బ్రామ్ స్టోకర్ 1897లో రాసిన 'డ్రాక్యులా' ఉంది. అందులో భయం ట్రాన్సిల్వేనియా కొండల నుంచి లండన్‌కు వస్తుంది. ఇందులో ఒరిస్సా అడవి నుంచి హైదరాబాద్‌కు వస్తుంది. స్టోకర్ ఎన్నడూ ట్రాన్సిల్వేనియా వెళ్లలేదు. అయినా ఆ ప్రాంతం మీద రక్తపిశాచి ముద్ర మాత్రం ఉండిపోయింది.

మన దగ్గరా అంతే. నగరంలో చదివేవాళ్లకు 'ఒరిస్సా అడవి' ఎక్కడో దూరాన ఉన్న చోటు. భద్రాచలం వాళ్లకు అది పక్కిల్లు. చర్ల, దుమ్ముగూడెం దాటితే ఛత్తీస్‌గఢ్. చింతూరు దాటితే ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా. అక్కడా ఇక్కడా ఉండేది కోయలు, కొండరెడ్లు లాంటి ఆదివాసీలే. వాళ్ల ఊళ్లలో పూజలు చేసే వడ్డె అందరికీ తెలిసిన మనిషే. అడవి అంటే మంత్రగాళ్ల చోటు అన్న ముద్రను ఇలాంటి కథలు ఎంత పెంచాయి అన్నది అడగాల్సిన ప్రశ్నే.

కథలో సరే, ఊళ్లో సంగతేంటి?

నవలలో మాంత్రికుడు కల్పిత పాత్ర. ఊళ్లో మాత్రం ఆ అనుమానం నిజమైన మనిషి మీద పడుతుంది. ఎక్కువగా ఒంటరిగా ఉండే ముసలివాళ్ల మీద, నాటు వైద్యం చేసేవాళ్ల మీద, పొలం గొడవ ఉన్న దాయాదుల మీద. చేతబడి చేశాడన్న నెపంతో కొట్టడం, ఊళ్లోంచి వెళ్లగొట్టడం, చంపేయడం వరకు వెళ్లిన ఘటనలు ఏజెన్సీ వార్తల్లో వస్తూనే ఉన్నాయి. నవలలో చేతబడి వెనక ఆస్తి ఉన్నట్టే, ఊళ్లో అనుమానం వెనకా చాలాసార్లు భూమి, డబ్బు ఉంటాయి.

రెండో కారణం జబ్బు. ఒకప్పటితో పోలిస్తే తగ్గినా ఈ అడవి ప్రాంతాన్ని మలేరియా పూర్తిగా వదల్లేదు. అందులో ఫాల్సిపారం రకం మెదడుకు ఎక్కితే మనిషికి ఫిట్స్ వస్తాయి, సంబంధం లేని మాటలు మాట్లాడతాడు, స్పృహ తప్పుతాడు. చూసేవాళ్లకు అచ్చం 'ఏదో పట్టినట్టే' ఉంటుంది. మూర్ఛవ్యాధి, తీవ్రమైన మానసిక సమస్యలదీ ఇదే పరిస్థితి. భూతవైద్యుడి దగ్గర ఒక రాత్రి గడిస్తే, ఆస్పత్రికి చేరేసరికి చేయి దాటిపోవచ్చు. మెదడు మలేరియాలో ప్రతి గంటా ముఖ్యమే.

చట్టం ఏం చెబుతోంది?

సరిహద్దు దాటితే చట్టం మారుతుంది. ఛత్తీస్‌గఢ్‌లో 2005లోనే టోనహి వేధింపుల నిరోధక చట్టం తెచ్చారు. అక్కడ ఎవరినైనా మంత్రగత్తె అని ముద్ర వేస్తేనే 3 ఏళ్ల వరకు జైలు. ఒడిశాలోనూ 2013లో ఇలాంటి చట్టం చేశారు. మన వైపు ఇలాంటి కేసులు కొట్టడం, బెదిరించడం, హత్య లాంటి మామూలు క్రిమినల్ సెక్షన్ల కిందే నడుస్తున్నాయి. అంటే దెబ్బ పడ్డాకే కేసు. ముద్ర వేసిన రోజే అడ్డుకోవడం కష్టం.

మరి నవల చదవొద్దా?

చదవొచ్చు. 'తులసి దళం'లో అసలు భయం కాద్రా కాదు. కళ్లముందే బిడ్డ నీరసించిపోతుంటే కారణం తెలియని తల్లిదండ్రుల నిస్సహాయత. అది ఏ కాలంలోనైనా, ఏ ఊళ్లోనైనా నిజమే. అందుకే ఆ పుస్తకం పాతబడలేదు. కాకపోతే నవలలో రచయిత రెండు దారులు తెరిచి పెట్టొచ్చు. జ్వరంతో ఉన్న పిల్లాడి ముందు ఉన్నది ఒక్కటే దారి.

గుర్తుంచుకోండి: జ్వరంతో పాటు ఫిట్స్, మత్తు, అయోమయం కనిపిస్తే వెంటనే రక్తపరీక్ష చేయించాలి, 108కు ఫోన్ చేయాలి. మానసిక సమస్యలకు టెలీ మానస్ నంబర్ 14416. చేతబడి పేరుతో ఎవరినైనా బెదిరిస్తుంటే గొడవ ముదరక ముందే 100కు లేదా 112కు చెప్పండి.