అతిథికి అరకు కాఫీ: కానుకను ఎన్నుకొను విధము

ఓర్వకల్లుకు నేడు అతిథుల రాకపోకలు హెచ్చినవి. 2021 మార్చిలో ఇచ్చట విమానాశ్రయము ప్రారంభమైనది. రాతివనమును చూడ వచ్చువారు కలరు. మహిళా పొదుపు సంఘముల పనిని తెలిసికొన వచ్చువారును కలరు. ఇవిగాక ఊరి బడిలో చాలకాలము పనిచేసి విశ్రాంతి పొందు ఉపాధ్యాయునికి వీడ్కోలు చెప్పవలసిన సందర్భములు ప్రతి గ్రామమునను వచ్చుచుండును. అట్టి వేళలందు శాలువ కప్పి, పూలదండ వేసి, జ్ఞాపిక ఇచ్చుట పరిపాటి. దండ సాయంకాలమునకు వాడిపోవును. శాలువలు పెట్టెలో ఒకదానిపై నొకటి పేరుకొనును. ఇంటిల్లిపాది అనుభవింపదగిన కానుక మరియొకటి లేదా యని పంచాయతీ సభ్యులు ఆలోచించుట సహజము.

అట్టి కానుక మన రాష్ట్రముననే పండుచున్నది. 2023 సెప్టెంబరులో జి-20 సమావేశమునకై ఢిల్లీకి వచ్చిన దేశాధినేతలకు ఇచ్చిన కానుకలలో అరకు కాఫీయు నుండెను. ఇప్పుడు అంగళ్లలో కొన్ని కాఫీ పొట్లములపై ‘హనీ ప్రాసెస్డ్’ అనియు, ‘సింగిల్ ఆరిజిన్’ అనియు వ్రాసియుండును. వీని వెల సాధారణపు పొడి కంటె అధికము. ఆ మాటల అర్థ మెరుగక కొన్నచో డబ్బు వృథా యగును. కావున వానిని మొదట వివరింతుము.

తేనె కలపని తేనె కాఫీ

‘హనీ’ యనగా తేనె. కాని ఈ కాఫీలో తేనెచుక్క యైనను కలుపరు. కాఫీ పండు పండినప్పుడు ఎఱ్ఱగా నుండును. పైతోలు తీసినచో లోపల సాధారణముగా రెండు గింజలుండును. వానిని చుట్టుకొని తీయని జిగురు ఉండును. ఈ జిగురును ఏమి చేయుదురనుదానిని బట్టి కాఫీ మూడు తెరగులుగా సిద్ధమగును.

మొదటిది కడుగు విధానము. తోలు తీసి, జిగురును పులియబెట్టి, నీటితో కడిగి, గింజలను ఎండబెట్టుదురు. రెండవదానిలో పండును పండుగానే ఎండబెట్టుదురు. మూడవది ఈ తేనె విధానము. ఇందు తోలు మాత్రము తీసి, జిగురును గింజపై నుంచియే ఎండబెట్టుదురు. ఎండుచున్నకొలది ఆ జిగురు తేనెవలె చేతికంటుకొనును. రంగును తేనె రంగునకు తిరుగును. అందువలన ఆ పేరు వచ్చినది. మధ్య అమెరికా యందలి కోస్టారికా దేశమున ఈ విధానము మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది. నిలిపిన జిగురును, ఎండబెట్టిన తీరును బట్టి తెలుపు, పసుపు, ఎఱుపు, నలుపు తేనె అని భేదములు చెప్పుదురు.

ఇట్లు చేసిన కాఫీ కడిగినదాని కంటె కొంత తియ్యగా, చిక్కగా ఉండును, పులుపు తగ్గును. కడుగు విధానమునకు కావలసినంత నీరును దీనికి అక్కరలేదు. బిందె నీటి విలువ నెరిగిన మన సీమవారికి ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు.

అయినచో వెల యేల హెచ్చు? పాటు హెచ్చు గనుక. జిగురుతో నున్న గింజలు ఒకదాని కొకటి అంటుకొనును. నేలకు ఎత్తుగా కట్టిన జాలిమంచెలపై పలుచగా పఱచి, మాటిమాటికి త్రిప్పుచుండవలెను. మంచు పడువేళ కప్పవలెను. ఏమరినచో బూజు పట్టును, లేదా పులిసిపోవును. కల్లములో ఆరబోసిన వేరుసెనగపైనను, మిరపపండ్లపైనను అకాలవర్షము పడిన రాత్రి మనకెంత ఆదుర్దాయో, అచ్చటి రైతునకు ఎండబెట్టు దినములన్నియు అంత ఆదుర్దాయే.

పేరుగల పంట

‘సింగిల్ ఆరిజిన్’ అనగా ఒకే సీమలో, లేక ఒకే తోటలో పండిన కాఫీ. పలుచోట్ల గింజలను కలిపినది కాదు. ఇది మనకు క్రొత్త సంగతి కాదు. బనగానపల్లె మామిడిపండును ఊరి పేరుతోనే అడిగి కొందుము. 2017లో ఆ పండునకు భౌగోళిక గుర్తింపు లభించినది. ‘అరకు వ్యాలీ అరబికా’ కాఫీకి 2019లో అట్టి గుర్తింపే వచ్చినది.

ఈ కాఫీ తూర్పుకనుమలలో, అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యమున గిరిజనుల చిన్న తోటలలో పండును. సిల్వర్ ఓక్ మున్నగు చెట్ల నీడలో కాఫీ మొక్కలును, ఆ చెట్లకు అల్లుకొని మిరియపు తీగెలును ఉండును. శీతకాలమున పండ్లను చేతితో కోయుదురు. మంచి కాఫీకి పండినవానిని మాత్రమే ఏరి కోయవలెను. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఈ పంటను కొని, తన అంగళ్లలో విక్రయించుచున్నది. 2017లో పారిస్ నగరమున అరకు కాఫీ పేరుతోనే ఒక దుకాణము వెలసినది. ఏ పేరును లేక బస్తాలలో కలిసిపోవు పంటకును, ఊరి పేరుతో అడిగి కొను పంటకును గల భేదము మెట్టరైతులకు బాగుగ తెలియును. పేరు నిలిచిననే రైతు పాటునకు విలువ నిలుచును.

కొనునప్పుడు చూడవలసినవి

ఒకటి: పొట్లముపై ప్రాంతము పేరు స్పష్టముగా నుండవలెను. అరకు పేరున్న దంతయు తేనె విధానముది కాదు. అచ్చటి కాఫీలో అధికభాగము ఇతర విధానములలోనే సిద్ధమగును. కావున విధానము పేరును వేరుగ చూడవలెను.

రెండు: చికోరీ కలిసినదా యని చూడవలెను. అది వేయించిన వేరు పొడి. కలిపినచో ఎంత పాలు కలిపినదియు పొట్లముపై ముద్రించుట చట్టప్రకారము విధి. చికోరీ యందరికి అలవాటైనదే, తప్పు కాదు. కాని చికోరీ కలిసిన పొడికి తేనె కాఫీ వెల ఇచ్చుట దండుగ.

మూడు: గింజలు వేయించిన తేదిని చూడవలెను. వేయించి నెలలు గడచినచో సువాసన పోవును. మిక్కిలి నల్లగా మాడ్చి వేయించినదానిలో ఈ కాఫీ ప్రత్యేకరుచి తెలియదు. నడితరముగ వేయించినది మేలు.

నాలుగు: పుచ్చుకొనువారి ఇంట కాఫీ మర లేనిచో గింజలీయరాదు. ఫిల్టరునకు తగినట్లు పొడి చేయించి ఇయ్యవలెను. పొడి త్వరగా వాసన కోల్పోవును గనుక కిలో పొట్లము కంటె పావుకిలో పొట్లము ఉచితము.

ఐదు: తేనె విధానముది దొరకనిచో, కడిగిన అరకు కాఫీనే ఇయ్యవచ్చును. పేరు కొరకు నమ్మకము లేని సరకును కొనరాదు.

ఇచ్చు విధము

పొట్లముతోపాటు ఒక చీటి వ్రాసి యుంచుడు. అది ఎచ్చట పండినది, తేనె యను పేరెట్లు వచ్చినది రెండు వాక్యములలో చెప్పుడు. పిదప కాచు విధము వ్రాయుడు: ఫిల్టరులో రెండు పెద్దచెంచాల పొడి వేసి, మరిగిన నీటిని అరనిమిషము ఆగి, ఒక గ్లాసెడు పోయవలెను, పావుగంటలో డికాక్షను దిగును. మొదట పాలు, చక్కెర లేక ఒక గుక్క రుచి చూచి, పిదప ఎవరి అలవాటు చొప్పున వారు కలుపుకొనవచ్చును. పొడిని మూత బిగువైన డబ్బాలో, ఎండ తగులనిచోట ఉంచవలెను. వైద్యుడు కాఫీ వద్దన్నవారికి, కాఫీ అలవాటు లేనివారికి మరియొక కానుక చూచుట మర్యాద.

తుదకు రెండు మాటలు. పంచాయతీ నిధి త్రాగునీటికి, వీధిదీపములకు, పారిశుద్ధ్యమునకు ఉన్నది. కానుకకు సభ్యులు తలా కొంత వేసికొనుట మేలు. అప్పుడే అది మనము ఇచ్చినదగును. మరియు ఊరిపని కావలసియున్న అధికారి చేతిలో పనికి ముందు పెట్టు పొట్లము ఎంత చిన్నదైనను కానుక యనిపించుకొనదు. పని ముగిసి, ఊరు విడిచి వెళ్లువారికి, మరల ఏమియు కోరకుండ ఇచ్చునదే కానుక. అట్టి పొట్లమును వారు తమ ఇంట విప్పినప్పుడు, మన్యపు రైతు పాటును, ఓర్వకల్లు మర్యాదయు ఆ గ్లాసులో కలిసి పొగలు వెడలును.