మంచినీటి కుండను ఎంచుట

రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని సామెత. కాని ఎండ ఆ కార్తె వచ్చువరకు ఆగునా? ఉగాది పండుగ రాకమునుపే బడులు ఒంటిపూటకు మారును. వీధి మొగలలో చలివేంద్రములు వెలయును. కుమ్మరివాడల నుండి కుండలు బండ్లకెక్కి బజారునకు వచ్చును. అప్పుడు మన గృహస్థు చేయు బేరము చూడదగినది. పట్టుచీర కొనుటకు ఒక పూట పట్టును. చెప్పుల జతకు గడియసేపైనను పట్టును. ఇంటిల్లిపాది మూడు నెలలపాటు త్రాగు నీటికి కావలసిన కుండను మాత్రము నిలుచున్న పాటున, రంగు చూచి, దానిమీది పూలతీగ చూచి, వెలలో పది రూపాయలు తగ్గించుకొని తెచ్చును. వారము గడచిన పిమ్మట ఈ కాలపు కుమ్మరులకు పని తెలియదని నిందించును. పాపము, కుమ్మరి చేసిన దోషమేమియు లేదు. చెమర్చని కుండను ఏరి కోరి తెచ్చుకొన్నది తానే.

కుండ చల్లదనమంతయు దాని చెమటయందే యున్నది. మట్టికి సహజముగా ఏదో శీతగుణము కలదని కొందరు తలంతురు, అది సరికాదు. ఎండిన కుండను నీడలో నుంచి చూడుడు, గదిలోని గాలి యెంత వెచ్చనో అదియు అంతే వెచ్చన. నీరు పోసిన తరువాత కుండ గోడలోని సన్నని రంధ్రముల గుండ నీరు మెల్లగా వెలుపలికి ఊరి, పైతలమున తడిగా నిలిచి, గాలి తగిలినకొలది ఆవిరియై పోవును. ఆవిరియగుటకు వేడి కావలెను. ఆ వేడిని అది కుండనుండి, కుండలోని నీటినుండి లాగికొనును. పాఠ్యపుస్తకములలో ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 540 కెలోరీలు కావలెనని యుండును. అది నీరు మరుగుచున్నప్పటి లెక్క. మన ఇంటి గాలివేడిమిలో అది 580 కెలోరీలకు చేరును. ఈ యంకెను పట్టుకొని విద్యార్థులు ఒక లెక్క వేసికొనవచ్చును. కుండలో 10 లీటర్ల నీరున్నదనుకొందము. దానిని 10 డిగ్రీలు చల్లబరచవలెనన్నచో తీసివేయవలసిన వేడి 1,00,000 కెలోరీలు. అందులకు ఆవిరి కావలసిన నీరు 170 గ్రాములకు కొంచెము పైన. అనగా ఒక గ్లాసెడైనను కాదు! అయితే ఒకవైపు చెమట వేడిని తోడుచుండగా మరియొకవైపు గదిలోని గాలి ఆ కుండకు వేడిని ఇచ్చుచునే యుండును. కనుక నిజమునకు ఇంతకు ఎన్నోరెట్లు నీరు ఖర్చగును. ఉదయమున నిండుగా నున్న కుండలో, ఎవరును ముంచుకొనకున్నను, సాయంకాలమునకు మట్టము తగ్గియుండుట అందువలననే. నీరు తరుగుచున్నదని విచారింపనక్కరలేదు. తరుగని కుండను గూర్చియే విచారింపవలెను.

ఈ రంధ్రములు ఎట్లేర్పడునో తెలిసికొన్నచో ఎంపిక సులభమగును. కుమ్మరి చెరువుమట్టిని తెచ్చి, నానవేసి, కాలితో త్రొక్కి, అందు ఇసుకయో, బూడిదయో, ఊకయో కలుపును. ఆవములో కాల్చినప్పుడు ఊక మండిపోయి, అదియున్న తావు బోలుగా మిగులును. మన గ్రామములలోని ఆవపు వేడి సాధారణముగా 700 మొదలు 900 డిగ్రీల వరకుండును. ఆ వేడిలో మట్టి గట్టిపడునే కాని కరగి ముద్దకాదు. సందులు సందులుగానే నిలుచును. అదే 1200 డిగ్రీలు దాటించినచో మట్టిలోని కొంతభాగము గాజువలె కరగి సందులను పూడ్చివేయును. జాడీలు అట్టివి. ఊరగాయకు జాడీ మేలు, నూనె బొట్టు బయటికి రాదు గనుక. నీటికి ఆ గుణమే దోషమగుచున్నది. కొనువారు గట్టిదనమును, నునుపును మెచ్చుకొని, జాడీ లక్షణములను కుండయందు వెదకుదురు. ఇదియే తరచుగా జరుగు పొరపాటు.

కనుక బజారులో చేయవలసిన పరీక్ష చిన్నది. కుండ మూతిని ఎడమచేత పట్టి యెత్తి, కుడిచేతి వ్రేలి కణుపుతో పొట్టపై కొట్టవలెను. ఖంగుమని మ్రోగినచో బాగుగా కాలినది, పగులు లేనిది. బొద్దుగా పలికినచో ఎక్కడనో బీట యున్నది, లేదా కాలక పచ్చిగా మిగిలినది. ఈ పరీక్ష మన ముత్తవ్వలకు తెలిసినదే. దీని తరువాత చేయవలసిన రెండవ పరీక్షను మాత్రము చాలమంది చేయరు. వ్రేలితో రెండు చుక్కల నీరు కుండపై విదిలించి చూడవలెను. చుక్క పడినచోటనే యింకి నల్లని మచ్చగా మారినచో ఆ కుండ చెమర్చును. ముత్యమువలె జారి క్రిందపడినచో రంధ్రములు మూసికొనిపోయినవని యర్థము. నేడు పట్టణములలో అమ్మకమునకు వచ్చు మెఱుగుకుండలపై నూనెరంగులు, వార్నీషులు పూయుచున్నారు. అవి చూపునకు సొంపైనవి. కుండకు మాత్రము వానదుప్పటి కప్పినట్లే. కావిమన్ను పూతయైనచో భయము లేదు, అది కూడ మన్నే గనుక. ముగ్గు కావలెనన్నచో ఇంటిలోని పిల్లలు సుద్దతో వేసికొందురు.

చెమర్చుట వేరు, కారుట వేరు. వీలున్నచో అంగడివానిచేతనే నీరు పోయించి అరగంట నిలువవలెను. కుండ ఒడలంతయు సమముగా తేమగిలుట మంచి గుర్తు. ఒక్కచోటనే బొట్లు కట్టి ధారయైనచో అది బీట.

ఇక కుండను మించిన విషయమొకటి కలదు. ఒకే కుమ్మరి, ఒకే ఆవము, ఒకే మట్టి. ఆ కుండను కర్నూలులో నుంచినచో నీరు నోటికి జిల్లుమనును, విశాఖపట్టణములో నుంచినచో అంతంతమాత్రముగా నుండును. గాలి పొడిగా నున్నచోట చెమట త్వరగా ఆరును. సముద్రపుగాలిలో అదివరకే తేమ నిండియుండుటచే ఆరదు. పొడినేలలో ఒక మధ్యాహ్నము వేడిమి 40 డిగ్రీలు, గాలిలో తేమ నూటికి 20 పాళ్ళు అనుకొందము. అట్టిచోట కుండనీరు చేరగల కనిష్ఠము 23 డిగ్రీలకు లోపుగా నుండును. కోస్తాలో వేడిమి 35 డిగ్రీలే యైనను తేమ నూటికి 60 పాళ్ళున్నచో 28 డిగ్రీల క్రిందికి ఏ కుండయు దింపలేదు. ఎండ తక్కువగా నున్నచోటనే నీరు వెచ్చగా నుండుట వింతగా తోచును గాని, ఇందులో వింత లేదు. ఆ హద్దును ముందుగా తెలిసికొను మార్గము ప్రతి బడిలోను కలదు. రెండు ఉష్ణమాపకములను ప్రక్కప్రక్కన వ్రేలాడదీసి, ఒకదాని గుండునకు తడి మల్లుగుడ్డ చుట్టి విసనకఱ్ఱతో విసరవలెను. తడిగుడ్డ చుట్టినది ఎంతవరకు దిగునో కుండనీటి హద్దు అదియే. సాధారణముగా నీరు అంతకు రెండు మూడు డిగ్రీల పైననే నిలుచును. విజ్ఞానశాస్త్రోపాధ్యాయులు దీనిని ఒక వారముపాటు పిల్లలచే వ్రాయించి, ప్రతిదినము ఉదయసాయంకాలములందు కుండను తూచినచో, ఆర్ద్రతను గూర్చి నల్లబల్లపై వ్రాయవలసినది స్వల్పమే మిగులును.

కనుక కోస్తావాసులు కుండపై కొండంత ఆశ పెట్టుకొనరాదు. వారు పలుచని గోడ, విశాలమైన పొట్ట గల కుండను ఎంచి, గాలి బాగుగా తగులు కిటికీ దగ్గర నుంచవలెను. గాలిలో తేమతో నిమిత్తము లేకుండ నీటిని చల్లబరచునది రిఫ్రిజిరేటరే. కాని అది కరెంటున్నంతవరకే పనిచేయును. ఎండలో నడచివచ్చిన పిల్లవాని గొంతునకు ఆ చలి ఒక్కసారిగా మితిమీరినదని నా యభిప్రాయము.

ఈ విద్య మన యొక్కరిదే యని గర్వింపనక్కరలేదు. క్రీస్తుపూర్వము ఆరవ శతాబ్దిలో ఏథెన్సు కుమ్మరులు ద్రాక్షాసవమును చల్లబరచుటకు పుట్టగొడుగు ఆకారము గల సైక్టర్ అను పాత్రను చేసిరి. దానిని చన్నీరు నింపిన పెద్దపాత్రలో తేలనిచ్చెడివారు. అది చెమట పద్ధతి కాదు. కాని నేటికిని ఐరోపాలో మధుపాత్రను చల్లగా నుంచుటకు నీట నానవేసిన మట్టితొడుగును వాడువారు కలరు. అది మన కుండకు చుట్టమే. స్పెయిను దేశపు రైతులు పొలములకు కొనిపోవు బొతీహో అను మట్టికూజా సంగతి మరింత ముచ్చటైనది. 1995లో మాడ్రిడ్ సాంకేతిక విశ్వవిద్యాలయమునకు చెందిన ఇద్దరు శాస్త్రజ్ఞులు, అందలి నీరు ఎంత కాలమున ఎంత చల్లబడునో తెలుపు గణితసమీకరణములను రచించి ప్రకటించిరి. నైజీరియాలో మొహమ్మద్ బా అబ్బా అను ఉపాధ్యాయుడు కుండలు చేయు కుటుంబమున పుట్టినవాడు. ఆయన ఒక కుండలో మరియొక కుండనుంచి, నడుమ తడియిసుక నింపి, పైన తడిగుడ్డ కప్పి, విద్యుత్తు లేని గ్రామములవారికి ఇచ్చెను. మూడు దినములలో చెడిపోవు వంకాయలు అందులో 27 దినములు నిలిచినవట. ఆ పనికి 2000లో ఆయనకు రోలెక్స్ పురస్కారము లభించినది. మన బడిపిల్లలును దీనిని చేసి చూడవచ్చును; కావలసినవి రెండు కుండలు, ఒక తట్టెడు ఇసుక.

బడికి కుండను ఎంచునప్పుడు చల్లదనముకంటె ముందు మూతిని చూడవలెను. వెడల్పుమూతి కడవలో వందమంది చేతులు మునుగును. ఒకని గోటిలోని మురికి అందరి కడుపులోనికి చేరుటకు అదియే రాజమార్గము. మెడ సన్నని కూజాయో, అడుగున కుళాయి అమర్చిన రంజనో మేలు. అవి దొరకనిచోట పొడుగుకాడ గల గరిటెను వ్రేలాడదీసి, దానితోనే ముంచవలెనన్న నియమమును పాటింపజేయవలెను. కుళాయికుండకు మరియొక గుణము కలదు: నీరు పోయువాని కొరకు ఎవరును చేయిచాచి నిలువనక్కరలేదు. డాక్టరు అంబేద్కరు తన బాల్యమును గూర్చి వ్రాయుచు, బడిలో కుళాయిని తాను తాకరాదని, నౌకరు వచ్చి త్రిప్పినగాని నీరు లేదని, అతడు రానినాడు దప్పికతోనే ఉండవలసి వచ్చెడిదని చెప్పినారు. బడిలో ఎన్ని కుండలైనను ఉండవచ్చును, ప్రతి కుండయు అందరిదై యుండవలెను. 2019లో కేరళ పాఠశాలలందు నీరు త్రాగుటకే ప్రత్యేకముగా గంట కొట్టు పద్ధతి వచ్చినది. ఆ గంట మ్రోగువేళకు కుండలో నీరుండుట మాత్రము ఉపాధ్యాయుని పూచీ.

ఒక భ్రమను గూర్చి కూడ చెప్పవలెను. కుండ నీటిని చల్లబరచునే కాని శుద్ధి చేయదు. కలరా, టైఫాయిడు క్రిములు మట్టి చూచి బెదరవు. నల్లగొండ ప్రాంతములవారిని ఏండ్లతరబడి పీడించిన ఫ్లోరైడు కూడ కుండలో పోసినంతమాత్రమున పోదు. నీరు ఆవిరియై పోగా ఉప్పులు మిగిలిపోవుటయే యుండును. అనుమానమున్న నీటిని కాచి, చల్లార్చి, ఆ తరువాతనే కుండలో పోయవలెను.

క్రొత్త కుండను ఒకరాత్రి నీట నానవేసి, మొదటి రెండు దినముల నీటిని చెట్లకు పోయుట మంచిది. దానిని ఎండలో నుంచిన వేడెక్కును, అల్మరలో నుంచిన చెమట ఆరదు. నీడయు గాలియు రెండును కావలెను. నేలపై పెట్టుటకంటె ముక్కాలిపీటపై నుంచినచో అడుగునకు కూడ గాలి తగులును. కుదురు క్రింద ఇసుకపోసి తడుపు పాత అలవాటు మంచిదే. రెండు మూడు దినములకొకసారి నీరు పారబోసి కొబ్బరిపీచుతో లోపలను వెలుపలను తోమవలెను. సబ్బు తగిలింపరాదు, ఆ రంధ్రములలో చేరిన సబ్బు వారము దినములు నీటిలో రుచి చూపును.

ఉప్పునీటి ఊళ్ళలో కొన్ని వారములకే కుండపై తెల్లని పొర పేరుకొనును. నీటితోపాటు వెలుపలికి వచ్చి, నీరు ఆరిపోగా మిగిలిన లవణములు అవి. తోమినకొలది కొంత పోవును. రంధ్రములలోపల గడ్డకట్టినది పోదు. అందువలన ఒకటి రెండు వేసవులు గడచునప్పటికి ఎంత మంచి కుండయైనను చెమర్చుట మానును. అట్టి కుండను బియ్యమునకో, అడుగున చిల్లుచేసి మల్లెతీగకో వాడుకొని, మాఘమాసము వెళ్ళుచుండగనే, అంగళ్ళలో ఏరుకొనుటకు కుండలు నిండుగా నున్నప్పుడే, మరల కుమ్మరివాడకు పోవలెను.