వార్తల్లో పదం: స్క్లెరోడెర్మా

ఏటా జూన్ 29న ప్రపంచ స్క్లెరోడెర్మా దినం పాటిస్తారు. ఈ జబ్బుతో బాధపడ్డారని భావించే చిత్రకారుడు పాల్ క్లీ 1940లో అదే తేదీన కన్నుమూశారు.

ఏమిటిది?: రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటిమీదే తిరగబడుతుంది. కొలాజెన్ అనే ప్రొటీన్ అతిగా పేరుకుని చర్మం బిగుసుకుపోతుంది. మగవారికన్నా ఆడవారిలో ఎక్కువ. అంటువ్యాధి కాదు.

తొలి గుర్తు: చలి తగిలితే వేళ్లు తెల్లబడి, నీలంగా మారి, ఆపై ఎర్రబడతాయి. దీన్ని రేనాడ్స్ అంటారు. ఐసు వల్ల జబ్బు రాదు గానీ, ఉన్నవారికి బాధ పెరుగుతుంది. కాబట్టి గిలకలదిండి హార్బర్‌లోనో, దివిసీమలోనో చేపలు, రొయ్యలు ఐసులో సర్దే పనిలో ఉన్నవారికి ఈ జబ్బుంటే చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. వేళ్లపై పుండ్లు పడితే అశ్రద్ధ చేయకూడదు. చుట్ట, బీడీ, సిగరెట్ మానాలి.

లోపలి ముప్పు: ఊపిరితిత్తులు గట్టిపడి ఆయాసం వస్తుంది. అందుకే శ్వాస పరీక్ష, గుండెకు ఎకో పరీక్ష క్రమం తప్పకుండా చేయిస్తారు. అన్నవాహిక దెబ్బతింటే గుండెల్లో మంట. రాత్రి తిన్న వెంటనే పడుకోకూడదు. బీపీ ఒక్కసారిగా పెరిగితే మూత్రపిండాలకు ప్రమాదం, అది అత్యవసరం. స్టెరాయిడ్లు ఎక్కువ మోతాదులో వాడితే ఈ ముప్పు పెరుగుతుంది.

చికిత్స: పూర్తిగా నయం చేసే మందు లేదు. మైకోఫెనోలేట్, నింటెడానిబ్ వంటివి ఊపిరితిత్తుల నష్టాన్ని నెమ్మదింపజేస్తాయి. గుడివాడలోనో, మచిలీపట్నంలోనో ముందు ఫిజీషియన్‌కు చూపించి, రుమటాలజిస్టును కలవాలి. హైదరాబాద్ నిమ్స్‌ ఆసుపత్రిలో రుమటాలజీ విభాగం ఉంది. డాక్టరు రాయని స్టెరాయిడ్ మాత్రలు మాత్రం మింగకండి.