గడపయు లామినేట్ నేలయు

కావేరిపాక్కమువంటి పెద్దచెరువు చెంతనున్న ఊళ్లలో ఈశాన్య ఋతుపవనకాలమున గాలిలో తేమ హెచ్చును. లామినేట్ పలకల నడిమిపొర అదిమిన చెక్కనార; తేమ సోకిన వ్యాకోచించును. కావున పలకను ద్వారమునకు ఆనించి బిగింపరాదు. సుమారు 10 మిల్లీమీటర్ల సందు విడువవలయును.

గడపలేని లోపలి ద్వారములందు ద్వారబంధము చుట్టును పలకను కోయుటకంటె, బంధపు కొయ్య అడుగున గాడి తీయుట మేలు. అడుగుపరుపుపై పలకముక్క నుంచి, దానిపై రంపము నానించి కోసి, ఉలితో తొలచినచో ఎత్తు సరిపోవును. పలకయంచు గాడిలో జొచ్చి సందు మరుగుపడును. గాడిలోపలను కొంత ఎడము మిగులవలయును.

వీధిగుమ్మమున చిక్కు వేఱు. గడప కడిగి పసుపు పూయుట మన యాచారము. ఆ నీరు దిగినచో ఉబ్బిన యంచు ఆరినను అణగదు. అచటి సందును సాగెడు సిలికాన్‌తో పూరించి, పైపట్టీని పలకకు గాక నేలకే బిగింపవలయును. గడప కడుగుట మానవలసిన పనిలేదు. నీటిని పలక చేరనీయకున్న చాలును.